కొరికిన మిరపకాయలో సగం

మా వంటింటి గోడకి, పొయ్యికి కుడివైపు, మనిషి తలకంటే కొంచెం ఎత్తులో జానెడు కంత ఒకటి ఉండేది. చూసినవాళ్ళు అది పొగ పోవడానికి పెట్టించారనుకునేవాళ్ళు. పొగ ఏనాడూ ఆ దారిన పోలేదు, నా కళ్ళలోకే వచ్చేది. ఆ కంతలోంచి వచ్చేవి మాటలు. గోడకి ఇవతల మా వంటిల్లు, అవతల సమాజం హాలు. ఆడవాళ్ళు వినకూడని మాటలన్నీ మగవాళ్ళు నా తాలింపు గిన్నెకి మూరెడు దూరంలో నిలబడి చెప్పుకున్నారు. పైగా గుట్టుగా చెప్పుకున్నామనుకున్నారు.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే బస్సులు పది నిమిషాలు ఆగి, డ్రైవర్లు టీ తాగి వెళ్ళే ఊరు మాది. ఒకవైపు పత్తి జిన్నింగు మిల్లులు, ఇంకోవైపు మిరప కొట్లు. నేను తొంభైల మొదట్లో అమరావతి దగ్గరి పల్లెటూరి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయనకి దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వారానికో రెండు వారాలకో ఒకసారి ఇంటికొచ్చేవారు. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో ఆవిడ గుర్తు అంటే స్టీలు సామానే. గ్లాసు నుంచి గంగాళం దాకా ప్రతిదాని మీదా ఆవిడ పేరులోని మొదటి రెండక్షరాలు చెక్కించి ఉండేవి. ఇక మిగిలింది నేను, మామయ్యగారు. నాకు నోరెక్కువ అని పుట్టింట్లో పేరు. అత్తింట్లో ఆ మాట అనడానికి అత్తగారు లేరు, మామయ్యగారికేమో నవ్వొచ్చేది. అలా మా ఇద్దరికీ బాగానే పొసిగింది.

ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. సమాజంలో మాత్రం ఆయన ఉద్యోగం మానలేదు. అక్కడ ఆయన మాటపెద్ద. అంటే కొత్తవాణ్ణి సమాజంలో చేర్చుకునేటప్పుడు చెప్పాల్సిన మాటలన్నీ కంఠతా పట్టి, పొల్లు పోకుండా చెప్పే మనిషి. ఆ మాటలు ఒక సమయంలో ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆయన పెద్దవాడయ్యాక ఇంకొకరికి నోటితో అప్పజెప్పాలి. కాగితం మీద పెట్టకూడదు.

సమాజం ఎలా పుట్టిందో ఆయనే చెప్పారు. మా మామయ్యగారి తండ్రి కాలంలో, ఎక్కడినుంచో వచ్చి మిల్లులో పనిచేస్తున్న ఫిట్టరొకడు కలరాతో పోతే పాడె మోయడానికి మనుషులు దొరకలేదట. ఎవరింటివాడో తెలియదు, ముట్టుకుంటే జబ్బొస్తుందేమోనని భయం. చివరికి ఎనిమిది మంది ముందుకొచ్చారు. వాళ్ళలో పత్తి తూచేవాడు ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, తాపీపనివాడు ఉన్నాడు. మోసి, వాగులో మునిగి, తడిబట్టలతో ఒడ్డున కూర్చున్నప్పుడు, రేపు మనకి ఇదే గతి పడితే ఎవరున్నారని అనుకున్నారట. వాళ్ళలో ఒకాయన గుంటూరులో దొరల రహస్య సంఘం కూడుకునే లాడ్జి చూసొచ్చాడు. చూశాడంటే లోపలికి వెళ్ళి కాదు. మూసిన తలుపు చూశాడు. లోపల ప్రమాణాలుంటాయని, సంకేతాలుంటాయని, ఒకడికి కష్టమొస్తే మిగతావాళ్ళు నిలబడతారని తలుపు దగ్గరి బంట్రోతు చెప్పాడు. దొరలకేనా గుట్టు, మనమూ పెట్టుకుందాం అన్నాడట ఆయన.

మూసిన తలుపొక్కటే చూసి, మిగతాదంతా తమ బుర్రల్లోంచి తీశారు ఆ ఎనిమిది మందీ. అందుకే మా సమాజంలో కత్తులు లేవు, కిరీటాలు లేవు. ఎండుమిరపకాయ ఉంది, దూది ఉంది, బెల్లం ముక్క ఉంది. మా నేల మీద ఏం దొరుకుతుందో దానితోనే ప్రమాణం కట్టారు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఛాతీ పొంగుతుంది, అప్పట్లో నేను ఆ తలుపుకి బయటదాన్నే అయినా.

నేను వచ్చేనాటికి మామయ్యగారు కాక సభ్యులు ఇరవై మంది. ఎవరికి జబ్బు చేసినా మిగతావాళ్ళు వంతులవారీగా గుంటూరు ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాళ్ళు. ఎవరింట్లో పెళ్ళైనా పందిరి గుంజలు పాతడం నుంచి విస్తళ్ళు ఎత్తడం దాకా వాళ్ళే. ఎవరు పోయినా పాడె వాళ్ళదే. ఊళ్ళో ఎంత పెద్ద షావుకారైనా సమాజం మోసిన చావుకీ, మోయని చావుకీ తేడా కనపడేది. సమాజం మోస్తే ఇరవై మంది ఒకే రకం ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని, మాట లేకుండా, అడుగు కలిపి నడిచేవాళ్ళు. నేను గడపలో నిలబడి చూసి, మా ఇంటి పక్కనుంచే కదా వీళ్ళు బయల్దేరింది అనుకునేదాన్ని.

ఇంత మంచి మనుషులకీ ఒక నియమం మాత్రం కత్తిలాంటిది. మాటలు బయటపెట్టినవాడి పాడె సమాజం మోయదు. వాడు మాటపెద్ద అయినా సరే.

ఆ మాటలు ఇప్పుడు రాస్తే తప్పులేదు. ఎందుకు లేదో చివరికి తెలుస్తుంది. ఏడాదికొకసారి, తొలికోత మిరపకాయ కల్లాల్లో ఎండి కొట్లకి వచ్చే రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్తవాణ్ణి చేర్చుకునేవాళ్ళు. వాడు కళ్ళకి తువ్వాలు కట్టుకుని వీధి తలుపు తట్టాలి. రెండుసార్లు గబగబా, ఒకసారి ఆగి. లోపలినుంచి మామయ్యగారి గొంతు వచ్చేది.

"తలుపు తట్టిందెవరు?"

"ఒంటరివాణ్ణి."

"ఏం తెచ్చావు?"

"రెండు చేతులు, ఒక భుజం."

"ఏం కావాలి?"

"నావాళ్ళు."

తలుపు తీసి, నడిపించుకొచ్చి, హాలు మధ్యలో నిలబెట్టి చేతిలో మిరపకాయ పెట్టేవారు. సగం కొరికి నమలాలి. నోట్లో కారం మండుతున్నప్పుడు మనిషి అబద్ధం ఆడలేడని వాళ్ళ నమ్మకం. అలా మండుతుండగానే మాటపెద్ద వెంట ఒక్కొక్క మాటా పలకాలి. అన్న జబ్బుపడితే మంచం పక్కన నేనుంటాను. అన్న పోతే నా భుజం ముందుంటుంది. అన్న బిడ్డ నా బిడ్డ. అన్న ఇంటి గుట్టు నా నోట రాదు. అన్న ఎవరింటివాడని అడగను.

అప్పుడు మాటపెద్ద అనేవారు: "నువ్వు కొరికింది నాకియ్యి. నీ మంటలో సగం నాది."

ఆ ఎంగిలి సగం ఆయన తీసుకుని తినేవారు. కొత్తవాడు కళ్ళగంత విప్పుకుని, ఆ తిన్న మనిషిని వరస పెట్టి పిలవాలి. అన్నా అనో, బాబాయ్ అనో, వయసుని బట్టి. ఆ పిలుపు పడేదాకా వాడు బయటివాడే. పిలిచాక బెల్లం ముక్క, మంచినీళ్ళు. తర్వాత దూది గిన్నె తిరిగేది. అందరూ తలా చిటికెడు దూది తీసి చేతుల్లో పురిపెట్టి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పొడవు పెంచుకుంటూ ఒకే దారం చేసి, కొత్తవాడి మణికట్టుకి కట్టేవాళ్ళు. ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను గోడకివతల కందిపప్పు ఎనుపుకుంటూ ఉండేదాన్ని. అత్తగారు కూడా వినే ఉంటారు. ఆవిడ చెప్పకుండానే వెళ్ళిపోయారు.

మామయ్యగారు మాటలు మరిచిపోకుండా ఉండటానికి రోజూ తెల్లవారుజామున పెరట్లో వేపపుల్ల నములుతూ గొణుక్కునేవారు. ఒకరోజు నేను రోట్లో పచ్చడి నూరుతున్నాను. ఆయన అన్న బిడ్డ నా బిడ్డ దాకా వచ్చి ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగారు. నేను పొత్రం ఆపకుండానే, అన్న ఇంటి గుట్టు నా నోట రాదు, అని అందించేశాను. గుట్టు నోట రాదన్న మాటే నా నోట జారింది చూడండి. ఆయన నా వైపు తిరిగి చూశారు. తర్వాత పుల్ల పారేసి, పుక్కిలించి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పెరటి ఆ చివరికి వెళ్ళి చెప్పుకుంటారనుకున్నాను. వెళ్ళలేదు. వంటింటి కిటికీ దగ్గరికే వచ్చారు. ముందుకంటే గట్టిగా, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పారు. ఆ రోజు నుంచి ప్రతి రోజూ అంతే. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తుకోలేదు. అది ఆయన నాకు నేర్పడమా కాదా, మీరే అనుకోండి.

ఇక మేస్త్రీ గురించి చెప్పాలి. ఆయన మిరప కొట్లలో హమాలీల మేస్త్రీ. ఊరి చివర చర్చి పక్కనున్న పేట మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను కాపురానికొచ్చిన ఎనిమిదో ఏట వానాకాలం సమాజంలో ఒక దర్జీ పోయాడు. వాగు పొంగింది. నడుంలోతు నీళ్ళలో పాడె దాటించాలి. సభ్యుల్లో సగం మంది ముసలివాళ్ళు. ఒడ్డున బస్తాలు ఎత్తుతున్న మేస్త్రీ చూసి, అడక్కుండానే నీళ్ళలోకి దిగి ముందు కొయ్య భుజాన వేసుకున్నాడు. అవతలి ఒడ్డుకి చేర్చి, చేతులు కడుక్కుని తన పనికి తను వెళ్ళిపోయాడు. ఆ వారమే మామయ్యగారు సమాజంలో లేచి, మోయడానికి ఆ భుజం పనికొచ్చింది, పక్కన కూర్చోడానికి ఆ మనిషి పనికిరాడా అని అడిగారు. నేను కంతలోంచి విన్నాను. కాదని ఒక్కరూ అనలేదు. ఔనని కూడా పెద్దగా అనలేదు. వచ్చే తొలికోతకి నిన్ను చేర్చుకుంటామని మామయ్యగారు మేస్త్రీకి మాటిచ్చారు.

సమాజం పెట్టి అన్నేళ్ళయినా ఆ పేట నుంచి ఒక్కరూ ఆ తలుపు తట్టలేదు. ఎవరింటివాడని అడగమని ప్రమాణం చేశారు గానీ, అడగాల్సిన అవసరమే ఎప్పుడూ పడలేదు. ఇందులో నన్ను నేను మినహాయించుకోను. మా వరండా గూట్లో ఒక గ్లాసు ఉండేది. ఇంట్లో అన్ని గ్లాసుల మీదా అక్షరాలుంటే, దానిమీద లేవు. మేస్త్రీ వచ్చినా, కూలీలు వచ్చినా నీళ్ళు అందులోనే. తాగి, వాళ్ళే కడిగి, బోర్లించి వెళ్ళేవాళ్ళు. దాన్ని అక్కడ పెట్టింది నేను కాదు. తీసింది కూడా నేను కాదు.

తొలికోతకి రెండు నెలల ముందు మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. గుంటూరు బ్రాడీపేట డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు, మాట వస్తుందని మాత్రం అనలేదు. ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ మా ఆయన, నేను ఉన్నది తక్కువ, సమాజం ఉన్నది ఎక్కువ. సమాజం అధ్యక్షుడు పత్తి వ్యాపారి, నలుగురు పనివాళ్ళున్న మనిషి. ఆయన తన చేతులతో మామయ్యగారి దుప్పట్లు మార్చాడు, ఒళ్ళు తుడిచాడు. పక్క మంచాలవాళ్ళు మీకేమవుతారండీ అని అడిగితే, మా అన్న అన్నాడు. ఆ మాటకి నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ మనిషిని నేను ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. ముందు ఇది చెప్పాకే తర్వాతది చెప్పాలి.

ఇంటికి తెచ్చాక, తొలికోత ఇంకో పది రోజులుందనగా, హాల్లో సమావేశం పెట్టారు. నేను వంటింట్లో ఉన్నాను. ఇప్పుడు మాటలెవరు చెప్తారు అన్నది సమస్య. మామయ్యగారు ఎవరికీ అప్పజెప్పలేదు. పోనీ అందరం ప్రమాణం చేసినవాళ్ళమే కదా, తలా కాస్త కూర్చుకుందామన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒక్కరికీ గుర్తులేదు. ఎలా ఉంటుంది, నోట్లో తొలికోత కాయ భగ్గుమంటుంటే, కళ్ళూ ముక్కూ ఏకమై కారుతుంటే? ఒకాయనకి బెల్లం ముక్క గుర్తుంది. ఒకాయనకి తను నీళ్ళు ఎన్ని గ్లాసులు తాగాడో గుర్తుంది. ఏటా వింటూ వచ్చినా, కాయ కొరికినవాడి ముఖం చూసి నవ్వుకోవడంతోనే సరిపోయింది అందరికీ. అబద్ధం చెప్పకూడదని పెట్టుకున్న కారం మొత్తం ప్రమాణాన్నే తినేసింది. పరిస్థితి అలాంటిది కాకపోతే నేను గోడ పట్టుకుని నవ్వేదాన్ని.

అధ్యక్షుడు నిదానంగా, మాటలు లేకుండా చేర్చుకోవడం ధర్మం కాదు, అన్నకి మాట వచ్చేదాకా ఆపుదాం అన్నాడు. అందరూ అవునవునన్నారు. ఈసారి గట్టిగానే అన్నారు. అన్నకి మాట రాదని వాళ్ళకీ తెలుసు. మాటపెద్ద లేకపోతే మేస్త్రీ ఎంగిలి సగం తను తినాల్సి వస్తుందని అధ్యక్షుడికి తెలుసు.

మర్నాడు మేస్త్రీ వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మామయ్యగారి మంచం కిటికీ దగ్గరే ఉండేది. మేస్త్రీ ఫిర్యాదు చేయలేదు. "ఈ యేడు కాకపోతే మానె అమ్మగారూ, పెద్దాయన లేచి తిరిగితే అదే చాలు" అన్నాడు. గూట్లో గ్లాసు తీసుకుని, నేను చెంబుతో పోస్తే తాగి, కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు. మామయ్యగారు కిటికీలోంచి అదంతా చూశారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి వెళ్తున్నాయి. తుడుద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కొట్టింది. రెండుసార్లు గబగబా, ఒకసారి ఆగి.

మళ్ళీ కొట్టారు. నేను మంచం పక్కన నేలమీద కూర్చుని, తలుపు తట్టిందెవరు అని మొదలుపెట్టి, మంటలో సగం నాది అనేదాకా మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఎక్కడా తప్పు పోయుండదు, పోతే ఆ కళ్ళు తెరుచుకునేవి.

ఆ ఆదివారం మా ఆయన వచ్చారు. చెప్తే భయపడ్డారు. అది నిజమైన భయమే. నాకు మాటలు తెలుసని బయటపడితే, చెప్పింది నాన్నేనంటారు. రేపు ఆయన పోతే సమాజం గుమ్మం ముందుకి రాదు. బతుకంతా పదిమంది పాడెలు మోసిన మనిషికి పాడె మోసేవాళ్ళుండరు. నేనూ అదే ఆలోచించి మూడు రోజులుగా తిండి సరిగా తినలేదు. చివరికి ఇద్దరం వెళ్ళి ఆయన్నే అడిగాం. మీ పాడె సంగతి ఏమవుతుందో తెలియదు మామయ్యా, చెప్పమంటారా అన్నాను. ఆయన మళ్ళీ పట్టె మీద కొట్టారు. అదే లెక్క, రెండు, ఒకటి. సరేనన్నారు మా ఆయన.

ఆ పై ఆదివారం తొలికోత రోజు. చేరేవాడు లేకపోయినా సభ్యులందరూ కూడాలి. మామయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి మా పెరట్లోకి తెరుచుకునే వెనక తలుపు గుండా హాల్లోకి తీసుకెళ్ళారు. నేను వాళ్ళ వెనకే వెళ్ళి ఆ పెరటి గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి అడుగుపెట్టలేదు. మేస్త్రీని వీధి వాకిట్లో ఉండమని ముందే కబురుపెట్టాను.

నాకు మాటలు తెలుసండీ అన్నాను.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు అధ్యక్షుడు. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది.

"గోడ చెప్పిందండి" అన్నాను. "కంత మీరే పెట్టించారు. ఎనిమిదేళ్ళ నుంచి వింటున్నాను. ఆయన నన్ను పిలిచి ఒక్క మాట కూడా చెప్పలేదు. విన్నందుకు శిక్ష ఉంటే నాకు వేయండి, ఆయనకి కాదు."

సభ్యుల్లో ముసలి తాపీమేస్త్రి ఒకాయన తల వంచుకున్నాడు. ఆ గోడ కట్టింది వాళ్ళ నాన్నట. ఎవరో ముక్కులో నవ్వారు. మామయ్యగారు పిలిచి చెప్పలేదన్నది నిజం. కిటికీ దగ్గరికొచ్చి గొంతు పెంచేవారన్నది ఆ ఇంటి గుట్టు, ఆ రోజు నా నోట రాలేదు. ఈలోపు వీధి తలుపు మీద చప్పుడైంది. రెండు, ఒకటి. నేను మేస్త్రీకి ఆ లెక్క, కళ్ళకి గంత కట్టుకోవడం మాత్రం నేర్పాను.

అందరూ మామయ్యగారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. నేను గొంతెత్తి, తలుపు తట్టిందెవరు అన్నాను.

మేస్త్రీ కళ్ళకి గంతతో లోపలికొచ్చాడు. జవాబులు ఆయనకి తెలియవు, నేను ఒక్కొక్కటీ అందిస్తే పలికాడు. అధ్యక్షుడే కాయ తెచ్చి చేతిలో పెట్టాడు, అంతవరకూ పద్ధతి తప్పలేదు. మేస్త్రీ కొరికాడు. బస్తాలు మోసి మోసి ఘాటుకి అలవాటుపడ్డ మనిషికి కూడా గొంతు పట్టేసింది. నేను గడప ఇవతల నుంచి ఒక్కొక్క మాటా చెప్తున్నాను, ఆయన దగ్గుతూ పలుకుతున్నాడు. ఎవరింటివాడని అడగను అన్నచోట వానాకాలంలో పోయిన దర్జీ తమ్ముడు, అవునవును, ఇదే, ఇదే అని గొణిగాడు. ఒక్కొక్కరికీ తమ రోజు గుర్తొస్తున్నట్టు ముఖాలు మారిపోయాయి. ఇరవై మంది మరిచిపోయినదాన్ని నేను ఒక్కదాన్ని మోసుకొచ్చాను కదా అని ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ గర్వంలోనే తర్వాతి మాట కూడా అనేశాను. నువ్వు కొరికింది నాకియ్యి, నీ మంటలో సగం నాది.

కళ్ళకి గంత ఉన్న మనిషి గొంతు వచ్చిన వైపే కదా చెయ్యి చాపేది? మేస్త్రీ నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. సగం కొరికిన కాయ, తడితో మెరుస్తూ, నాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

నేను అధ్యక్షుడు తింటాడనుకున్నాను. వారం నుంచీ ఆయన తినాలనే పంతం పట్టాను. ఆయన్ని మనసులో ఎన్ని మాటలు అన్నానో లెక్కలేదు. నేను తినాల్సి వస్తుందని ఒక్కసారీ అనుకోలేదు. మాట చెప్పినవాళ్ళే తినాలన్నది నేను ఏటా విన్న పద్ధతే. గూట్లో బోర్లించిన గ్లాసు కళ్ళముందు కనపడింది. అధ్యక్షుడు ఎక్కడ ఆగిపోయాడో నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, ఆయనకీ నాకూ ఇసుమంత తేడా లేదు.

మామయ్యగారు నన్ను తొందరపెట్టలేదు. చూస్తూ ఉన్నారు, అంతే. పచ్చడి నూరిన రోజు పెరట్లో చూసినట్టే.

గడప దాటాను. కాయ తీసుకుని నోట్లో వేసుకుని నమిలాను. గింజలతో సహా. తొలికోత కాయ మంట చెవుల దాకా పాకింది, కళ్ళు మసకబారాయి. మేస్త్రీ గంత విప్పుకున్నాడు. ఎదురుగా నేనున్నాను. అటూ ఇటూ చూశాడు, ఎవరైనా దీన్ని ఆపుతారేమోనన్నట్టు. ఎవరూ ఆపలేదు. వరస పెట్టి పిలవాలి. పిలిస్తే తప్ప ఆయన లోపలివాడు కాడు, నేనూ కాను. హాలంతా ఆ పిలుపు కోసం చూస్తోంది.

"చెల్లెమ్మా" అన్నాడు. గొంతు కారానికి పూడిపోయింది, సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "చెల్లెమ్మా, ముందు నువ్వు మంచినీళ్ళు తాగు."

కుర్చీ చేతి మీద చప్పుడైంది. మామయ్యగారి ఎడమ చెయ్యి. దూది గిన్నెని మొదట ఎత్తింది అధ్యక్షుడు. చిటికెడు తీసి పురిపెట్టి పక్కవాడికి అందించాడు. దారం ఇరవై చేతులూ తిరిగొచ్చింది. మేస్త్రీకి కట్టి, మిగిలిన కొసని అధ్యక్షుడే తెంపి నా మణికట్టుకి కట్టాడు. కడుతున్నప్పుడు నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ముఖం చూడలేదు. మా ఇద్దరి సంగతీ మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడాది నుంచే సమాజం మాటలు దాచడం మానేసింది. ఒక్కరి నోట్లో పెడితే ఏమవుతుందో చూశారు కదా. నన్నే నోటుపుస్తకంలో రాయమన్నారు, రాశాను. తొలికోత మధ్యాహ్నం ఇప్పటికీ నేనే చెప్తాను. గడపకి అవతల నుంచి కాదు.

ఆ సాయంత్రం మామయ్యగారి కుర్చీని ఒకవైపు మేస్త్రీ అన్న, ఒకవైపు మా ఆయన పట్టుకుని ఇంట్లోకి తెచ్చారు. నీళ్ళివ్వడానికి లేస్తే నా చెయ్యి అలవాటుగా వరండా గూటి వైపే పోయింది. ఎంగిలి తిని గంట కాలేదు, చెయ్యి ఇంకా అటే పోయింది. మేస్త్రీ అన్న చూశాడో లేదో తెలియదు. లోపలి గ్లాసుతో తెచ్చిచ్చాను. మర్నాడు ఆ గూట్లో గ్లాసు తీసుకుని స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి, మిగతావాటి మీద ఉన్న ఆ రెండక్షరాలే దానిమీదా చెక్కించాను. చెక్కేవాడు ఒక్క గ్లాసేనా అమ్మా అన్నాడు. ఒక్కటేనన్నాను. తెచ్చి, కడిగి, మిగతావాటితో కలిపి బోర్లించాను.

మామయ్యగారు ఏడాదిన్నరకి పోయారు. సమాజం వచ్చింది. ఇరవయ్యొక్క ఎర్ర తువ్వాళ్ళు. ముందు కొయ్య కింద కుడి భుజం మేస్త్రీ అన్నది, ఎడమ భుజం అధ్యక్షుడిది. ఇద్దరూ అడుగు కలిపి నడిచారు. పెద్దకర్మ రోజు అందరికీ మా వరండాలోనే ఒకే వరసలో విస్తళ్ళు వేశాను. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తెచ్చి వరసగా పెట్టి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాను. సగం దూరం వచ్చాక గుర్తొచ్చి ఆగి, గ్లాసుల వంక చూశాను. అన్నిటి మీదా అత్తగారి అక్షరాలే ఉన్నాయి. ఆ గూట్లో గ్లాసు ఎవరి ముందు పెట్టానో ఎంత చూసినా తెలియలేదు.